సున్నపు పట్టీల మేస్త్రీ

పొదిలి బస్టాండు పక్క టీ కొట్టు దగ్గర నిలబడి ఉండగా ఆయన పోయిన సంగతి తెలిసింది. చెప్పినవాడు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు. "మీ మేస్త్రీ మొన్న పొయ్యాడంటగా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా టీలో చక్కెర చాల్లేదని కొట్టువాడితో తగువు పెట్టుకున్నాడు. ఆయనకు ఇంతకన్నా తగిన సంతాపసభ ఉండదు. ఆయనే అక్కడ ఉంటే తన చావు కబురు పక్కన పెట్టి, చక్కెర విషయంలో ఏదో ఒక పక్షం చేరేవాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళను శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి కూర్చోబెట్టడం ఆచారం. నేను ఆ పని చెయ్యను. బతికినన్నాళ్ళూ ఆయనకు స్నానమంటే పడలేదు.

ఇక్కడ 'ఆయన' అని రాస్తున్నాను గాని, ఎదురుగా ఉన్నప్పుడు 'నువ్వు' అనేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్దవాడే. అయినా పనికి వచ్చినవాళ్ళను 'మీరు' అనే అలవాటు మా ఇంట్లో లేదు. పొలాలు పోయాక మేము అలవాట్లను మరీ గట్టిగా పట్టుకున్నాం. వాటినైతే ఎవరూ వేలం వెయ్యలేరు కదా. ఆయన నన్ను 'అయ్యా' అనేవాడు. ఆ ఒక్క మాటను ఎన్ని రకాలుగా పలకవచ్చో ఆయన దగ్గరే విన్నాను. విసుగుతో, జాలితో, ఎకసెక్కంతో, చెట్టు మీద చీమను దులిపినట్టు. గౌరవంతో పలికిన సందర్భాలు ఏడాదికి ఒకటో రెండో ఉండేవి. అవి కూడా పండగ రోజుల్లో.

ఆయన వృత్తి కర్ర కొట్టించడం. పదిమంది కూలీల జట్టును వెంటేసుకుని, సుబాబుల్ తోటలు, జామాయిల్ తోటలు కొట్టించి, పేపరు మిల్లు లారీలకు ఎత్తించేవాడు. పత్తికి మందు కొట్టి కొట్టి విసిగిపోయిన రైతులు మెట్ట చేలల్లో ఆ చెట్లు వేసుకున్న రోజులవి. ఎటు చూసినా ఒకే ఎత్తు, ఒకే లావు, ఒకే వయసు చెట్లు. అవి నాలుగేళ్ళకు కోతకు పోయేవి.

మాకు మాత్రం అడవి ఉండేది. పొదిలికి పడమట, గుట్ట కింద, నలభై ఎకరాలు. మా తాతగారు వేట కోసం అట్టేపెట్టుకున్నది. చుట్టూ ఉన్న భూమంతా పొగాకులో కొంత, పత్తిలో కొంత, కోర్టుల్లో చాలా పోయింది. అడవిని ఎవరూ కొనలేదు కాబట్టి మిగిలింది. మేము అమ్మలేదు కాబట్టి మిగిలిందని చెప్పుకునేవాళ్ళం. రెండు తరాలుగా అందులో గొడ్డలి పడలేదు. ఎండు కొమ్మ విరిచినా మా నాన్నగారు ఊరుకునేవారు కారు. అది మా ఇంటి గొప్ప. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా ఆ మాట ఒకసారి వేసేవాళ్ళం. అవతలివాళ్ళు అడవిలో గొడ్డలి పడకపోతే మాకేమిటన్నట్టు చూసేవాళ్ళు.

తొంభైల చివర్లో రెండు వేసవులు వరసగా ఆ అడవి కొనల నుంచి ఎండుతూ వచ్చింది. అంచుల నుంచి చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ, లోపలికి చొరబడ్డాయి. మొత్తం కొట్టేసి జామాయిల్ పెట్టమని ఒక కాంట్రాక్టరు వెంటపడ్డాడు. నేను సగం ఒప్పుకున్నాను. ఎంత కర్ర వస్తుందో చూసి రమ్మని అతను పంపిన మనిషే ఈ మేస్త్రీ.

పొద్దున్నే అడవిలోకి వెళ్ళినవాడు సాయంత్రం బయటికి వచ్చాడు. ఒంటినిండా ముళ్ళగీతలు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. కూర్చోమని చెప్పకముందే ఎదురుగా గట్టు మీద కూర్చుని, కాళ్ళు చాపుకున్నాడు.

"ఏం మేస్త్రీ, ఎన్ని లారీలొస్తుంది?"

"అడివి చూపిస్తామని పిలిచి అడివి చూపీరేందయ్యా?"

"మరి పొద్దుట్నుంచి తిరిగింది ఎక్కడ?"

"అదా? అది పండగ పూట బస్సు. నిలబడే చోటు లేదు, ఒక్కడూ దిగడు. ఒకడి కాలు మీద ఒకడు. మధ్యలో నలుగురు ఊపిరాడక తల వేలాడేశారు."

"రెండు తరాలుగా గొడ్డలి పడలేదు," అన్నాను నడుము నిటారుగా పెట్టి.

"అదే గదా రోగం! రెండు తరాలు క్షవరం చేయించుకోకపోతే తలకాయ ఎట్టుంటది?"

నాకు కోపం వచ్చింది. కాని అప్పటిదాకా ఆ అడవి గురించి నాతో మాట్లాడిన ప్రతివాడూ లారీల్లో మాట్లాడాడు. రోగమని అన్నవాడు ఇతనొక్కడే. నరికెయ్యొద్దనీ, పలచన చెయ్యాలనీ, చిల్లను వేళ్ళతో పెకలించాలనీ, మోడు నుంచి పది పిలకలు లేస్తే ఒక్కదాన్ని ఉంచి తొమ్మిది తీసెయ్యాలనీ, చుట్టూ నిప్పు దాటకుండా బండిబాటంత వెడల్పున గడ్డి చెక్కాలనీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

"ఇందులో నీకేం వస్తుంది?" అని అడిగాను.

"ముప్పై ఏళ్ళు కొట్టించానయ్యా. కొట్టించిన చోటికి మళ్ళీ పోతే చూడ్డానికి ఏముంటది, మోళ్ళు. ఒక్క అడివన్నా నా చేతి కింద బాగుపడితే చూసి పోదామని."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. కాలి ముల్లు తీసుకుంటున్నాడు. నేను రెండేళ్ళు గడువిచ్చాను. ఎండడం ఆగకపోతే మొత్తం కొట్టించి జామాయిల్ పెడతానన్నాను. "అట్టాగే. అప్పుడు కొట్టేదీ నేనే గదా," అన్నాడు.

మర్నాటి నుంచి అడవి ఆయనదైపోయింది. ప్రతి మానునూ సంతలో గేదెను చరిచినట్టు అరచేత్తో చరిచి, చెవి ఆనించి వినేవాడు. చెట్లను తిట్టేవాడు. పక్కవాళ్ళ మీద వాలి పెరిగినదాన్ని 'లీడరు' అనేవాడు. సన్నగా, పొడుగ్గా, పైన నాలుగాకులతో నిలబడ్డదాన్ని 'పెళ్ళికొడుకు' అనేవాడు. "ఈ పెళ్ళికొడుకును గాలొస్తే ఎవడు పట్టుకుంటాడు?" అంటూ. బీడీ చెవి మీద ఉండేది, అడవిలోకి అడుగుపెట్టగానే నోట్లోకి వెళ్ళేది, కాని వెలిగేది కాదు. నమిలేవాడు. వేసవిలో అడవిలో అగ్గిపెట్టె ఉండకూడదని ఆయన శాసనం.

ఒకసారి మా బాబాయిగారు అడవి చూడటానికి వచ్చారు. మా వంశంలో చివరిసారిగా గుర్రమెక్కిన మనిషి. ఆ గుర్రం ఆయన్ను పడేసిందని మా అత్తయ్య అంటుంది గాని, అది వేరే సంగతి. నోట్లో చుట్ట వెలుగుతోంది. మేస్త్రీ ఎదురొచ్చి చెయ్యి చాపాడు. బాబాయిగారు అది నమస్కారానికి నాంది అనుకుని తల పంకించారు. మేస్త్రీ ఆ చుట్టను ఆయన నోట్లోంచి లాగి, నేల మీద నలిపి, పైన మన్ను పోసి, అప్పుడు "దణ్ణం అయ్యా, ఇప్పుడు లోపలికి రాండి," అన్నాడు.

బాబాయిగారు నా వైపు తిరిగి, "ఒరేయ్, రేపటి నుంచి వీణ్ణి రానివ్వకు," అన్నారు. నేను సరేనన్నాను. మర్నాడూ మేస్త్రీ వచ్చాడు. రానివ్వకుండా ఉండాలంటే నేను ఆయనకంటే ముందు లేచి అక్కడికి చేరాలి. అది నా వల్ల అయ్యే పని కాదు.

కూలీలకు రోజూ ఒక మాట చెప్పేవాడు. "అడివిలో చూడాల్సింది ఉండేవాణ్ణిరా, పొయ్యేవాణ్ణి కాదు." నేను దాన్ని వేదాంతం అనుకుని వదిలేశాను. మనిషికి వయసు మీదపడింది, ఏదో అంటుంటాడులే అనుకున్నాను. ఆ వేదాంతం ఎంత ఖరీదైందో తర్వాత తెలిసింది.

అడవి నడిమధ్యలో పన్నెండు వేపచెట్లు ఒకే వరసలో ఉండేవి. తాతగారు వేట విడిది దగ్గర నీడ కోసం వేయించినవి. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆయన గుర్రాన్ని కట్టేసిన చెట్టు. ఆ చెట్టు కిందికి వెళితే నేను అప్పటికీ చెప్పులు విడిచేవాణ్ణి. ఒక రోజు మేస్త్రీ ఆ వరస పొడుగునా నడిచి, చరుచుకుంటూ వెళ్ళి, తిరిగొచ్చాడు.

"ఈ పన్నెండులో నాలుగుంటే చాలయ్యా."

"వీటి జోలికి రాకు. మా తాతగారు వేయించారు."

"వేయించినాయన బారెడు దూరాన వేయించాడు, చాప మీద పిల్లల్ని పడుకోబెట్టినట్టు. ఆయనకు గుర్రం తెలుసేమో గాని చెట్టు తెలవదు."

మా తాతగారి గురించి అంత మాట నా ఎదుట ఎవరూ అనలేదు. "నోరు జాగ్రత్త," అన్నాను.

"జాగర్తగానే ఉందయ్యా. లేకపోతే ఇంకా మాటలొచ్చేయి."

నేను బదులు చెప్పకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను. మా ఇంట్లో బదులు చెప్పకుండా వెళ్ళిపోతే కుదరదని అర్థం. మేస్త్రీల లోకంలో అడ్డం చెప్పకుండా వెళ్ళిపోతే సరేనని అర్థమట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్ళాను. జట్టంతా అన్నాలు తినడానికి వాగు ఒడ్డుకు వెళ్ళింది. అడవిలో అక్కడొకటి అక్కడొకటి చెట్ల మొదళ్ళకు సున్నపు పట్టీలు కనిపించాయి. వేపల వరసలో నాలుగింటికి ఉన్నాయి. గుర్రాన్ని కట్టేసిన చెట్టుకు కూడా.

చిన్నప్పుడు మార్కాపురం వైపు సర్కారు అడవిలో చెట్లు కొట్టడం చూశాను. అక్కడ కొట్టాల్సిన చెట్లకే సుత్తితో ముద్ర వేసేవాళ్ళు. గుర్తు పడిందంటే ఆ చెట్టు ఆయుష్షు తీరిందన్నమాటే. అంటే ఈ మనిషి వరసలో మొనగాళ్ళను నలుగురినీ ఏరి చంపబోతున్నాడు.

కేకేస్తే వినిపించేంత దూరంలో ఆయన అన్నం తింటున్నాడు. ఈ పట్టీ ఎందుకని అడిగితే ఒక నిమిషం పని. కాని అలా అడగడమంటే నా అడవిలో ఏం జరుగుతోందో నాకు తెలియదని పదిమంది కూలీల ముందు ఒప్పుకోవడం. కాబట్టి నేను గౌరవప్రదమైన మార్గం ఎంచుకున్నాను. వాళ్ళు తాగే నీళ్ళ బిందెలో నా కండువా ముంచి, మిట్టమధ్యాహ్నం మే నెల ఎండలో, నాలుగు చెట్ల చుట్టూ తిరిగి పట్టీలు తుడిచేశాను. అరచేతులు సున్నానికి ఒరుసుకుపోయాయి. మంచి కండువా పాడైంది. తాతగారి పరువు కాపాడానన్న తృప్తితో ఇంటికి వచ్చి నిద్రపోయాను.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మేస్త్రీ పెద్ద వేప దగ్గర నిలబడి, మొదలు మీద వేలితో గీకి చూస్తున్నాడు. జట్టు చుట్టూ నిలబడి ఉంది. జట్టులో కొమ్మలు నరికే ఒక పెద్దామె ఉండేది. మేస్త్రీకి ఎదురు చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

"రాత్రి వానొచ్చిందా అయ్యా?" అన్నాడు మేస్త్రీ.

నేల నెర్రెలిచ్చి ఉంది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు.

"వచ్చింది," అన్నాను.

"యాడ?"

"ఇక్కడే. కొద్దిగా."

"మంచి వాన. నాలుగు చెట్లనే వెతుక్కుని, మొదుళ్ళు మాత్రం కడిగిపోయింది."

కూలీలు నవ్వు ఆపుకున్నారు. పెద్దామె ఆపుకోలేదు. మేస్త్రీ నా అరచేతుల వైపు చూశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"సరే, పట్టీల ప్రకారమే పొమ్మంటారా?"

"ప్రకారమే."

"ఈ వరస కూడా?"

"అడవంతటికీ ఒకటే పద్ధతి."

"ఇంకోసారి అడుగుతున్నా. ఇప్పుడు పట్టీలు ఎట్టా ఉండాయో అట్టాగే గదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆయన నోట్లో బీడీ ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్ళింది. తర్వాత చెయ్యి ఊపాడు. ఇద్దరు కూలీలు రంపం తెచ్చి పెద్ద వేపకే పెట్టారు.

వాళ్ళు పొరపాటు పడ్డారనుకున్నాను. మేస్త్రీ ఆపుతాడని చూశాను. ఆయన ఆపలేదు, నన్నే చూస్తున్నాడు. అందరి ముందూ మూడుసార్లు గద్దించిన నోటితో నాలుగోసారి మాట మార్చడం ఎలాగో నాకు తెలియలేదు. 'ఆపండి' అన్న మాట గొంతు దాకా వచ్చేసరికి చెట్టు కదిలింది. రంపం సగం కూడా దిగలేదు. అంత పెద్ద మాను ఎండు బుట్టలాగా ఫెళ్ళుమని విరిగి పడింది. విరిగినచోట నుంచి చెదపురుగు మన్ను బుట్టెడు కారింది. లోపలంతా గుల్ల.

పెద్దామె తొంగిచూసి, "ఓయమ్మ, లోపల ఏం లేదే! దీనికి గుర్రాన్ని కట్టేస్తే చెట్టునే లాక్కుపొయ్యేది గదా!" అంది.

మేస్త్రీ మిగతా రంపాలు దింపించి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఆయనకూ గొంతు తగ్గించడం వచ్చునని అప్పుడే తెలిసింది.

"పట్టీ ఉన్నది ఉండేదయ్యా. లేనిది పొయ్యేది. చిక్కటి అడివిలో ఉంచేవి తక్కువ, కొట్టేవి ఎక్కువ. దేనికి పూస్తే సున్నం కలిసొస్తది? మా వాళ్ళంతా ఇట్టాగే పూస్తారు."

"నేను తుడిచానని నీకు తెలుసు."

"తెలుసు."

"తప్పుగా అనుకున్నానని కూడా తెలుసు."

"తెలుసు. మూడుసార్లు అడిగా. మీరు ఒక్కసారి అడిగితే అయిపొయ్యేది. 'ఈ పట్టీ దేనికిరా' అని."

"ఇది గుల్లని తెలుసా?"

"చరిస్తే డప్పు మోగినట్టు మోగింది."

"మరి గుల్లదానికి ఉంచమని పట్టీ ఎందుకు పూశావు?"

దేనికైనా తడుముకోకుండా జవాబు చెప్పే మనిషి కొంచెంసేపు బీడీ నమిలాడు.

"మీ తాత చెట్టని. నా బుద్ధి వద్దంది, అయినా పూశా. నా జన్మలో పూసిన తప్పుడు పట్టీ అదొక్కటే. దాన్ని కూడా మీరే తుడిచారు."

సున్నం డబ్బా, కుంచె తెచ్చి నా చేతికిచ్చాడు. మిగిలిన మూడు వేపలకూ నేనే పట్టీలు వేశాను. వంకరగా వచ్చాయి. "వానొస్తే పోకుండా దట్టంగా పుయ్యండయ్యా," అంది పెద్దామె వెనక నుంచి. ఆ రోజు నవ్వనివాడు ఒక్క మేస్త్రీయే. అందుకు ఆయన ఎంత కష్టపడ్డాడో ఆయన మెడ నరాలు చెప్పాయి.

రెండు వేసవులు గడిచాయి. కొనలు ఎండడం ఆగింది. చిల్ల పోయినచోట గడ్డి లేచింది, గడ్డిలో చండ్ర మొక్కలు వాటంతటవే లేచాయి. మూడు వేపలూ కొమ్మలు చాపుకుని గొడుగుల్లాగా విప్పుకున్నాయి. బాగుపడిందని నేను ఆయనతో అనలేదు. జామాయిల్ వెయ్యడం లేదని కాంట్రాక్టరుకు చెప్పాను, అంతే. ఆయన కూడా నన్ను అడగలేదు. అంతటితో అడవి సంగతి ఇద్దరికీ అర్థమైంది. మాట వెనక్కి తీసుకోవడంలో నేను ఎలాగో, పొగడ్త అడగడంలో ఆయన అలాగే.

తర్వాత ఏడెనిమిదేళ్ళు ఆయన వస్తూనే ఉన్నాడు, చరుస్తూనే ఉన్నాడు. ఆపైన ఊపిరితిత్తులు మొండికేశాయి. బీడీలు నమిలింది అడవిలో మాత్రమే, బయట మామూలుగానే కాల్చాడు. ఈ మధ్య చలికాలంలో ఆటో మాట్లాడి నేనే ఆయన్ను అడవికి తీసుకెళ్ళాను. చెట్టు నుంచి చెట్టుకు చెయ్యి ఆనించుకుంటూ నడిచాడు. నేను చేయించిన పనులన్నిటికీ వంక పెట్టాడు. చివరికి ఒక నారేప చెట్టు దగ్గర ఆగాడు. నిటారుగా, నున్నగా, కొసకొమ్మలు జాలువారుతూ ఉండే చెట్టు. ఎవరొచ్చినా నేను ముందు దాన్నే చూపించేవాణ్ణి.

"దీన్ని తీసెయ్యండి," అన్నాడు.

మామూలుగా అయితే కుదరదని వెనక్కి తిరిగేవాణ్ణి. ఆ రోజు ఎందుకో, "ఎందుకు?" అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. "ఏందీ?"

"ఎందుకు తీసెయ్యాలని అడుగుతున్నాను."

ఆయన మెల్లగా కింద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు. ఆ చెట్టు ఎదగాల్సినంత ఎదిగిపోయిందని చెప్పాడు. దాని కింద దాని పిల్లలే అరడజను వెలుగు కోసం ఒక పక్కకు మెడలు సాచి వంకరవుతున్నాయని వేలు పెట్టి చూపించాడు. ఇంకో రెండేళ్ళాగితే ఆ వంకర ఇక తిన్నబడదన్నాడు. తీసేటప్పుడు ఏ వైపు పడెయ్యాలో, ఏ నెలలో తియ్యాలో, తీసిన తర్వాత ఎండ ఒక్కసారిగా మీద పడి పిల్లలు వాడకుండా ఏ కొమ్మలు అడ్డం పెట్టాలో చెప్పాడు. దగ్గొచ్చినప్పుడు ఆగి, తగ్గగానే ఆగినచోట నుంచే మొదలుపెట్టేవాడు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇంత మాట్లాడతాడని తెలిస్తే అడిగేవాణ్ణే కాదనిపించింది. ఇన్నేళ్ళూ ఇదంతా ఆ మనిషి కడుపులో పెట్టుకుని తిరిగాడని కూడా అనిపించింది.

"ఆలోచిస్తాను," అన్నాను లేస్తూ.

"ఆలోచించండి. మీ అడివి," అన్నాడు. మా అడవిని ఆయన నాది అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత నేను ఆయన్ను చూడలేదు.

టీ కొట్టు దగ్గర కబురు విన్న నెలకు, వేసవి పనులు మొదలుపెట్టినప్పుడు ఆ నారేపను కొట్టించాను. ఆయన జ్ఞాపకార్థం కాదు, ఆయన చెప్పింది నిజం కాబట్టి. ఆయన చెప్పిన వైపుకే పడింది. కింద ఉన్న పిల్లల్లో రెండు మరీ దగ్గర దగ్గరగా, ఒకదాని కొమ్మల్లో ఒకటి దూరి నిలబడి ఉన్నాయి. ఒకటి పోవాలి. నేను సున్నం డబ్బా పట్టుకుని చుట్టూ తిరిగాను. ఎడమదాన్ని చరిచాను, కుడిదాన్ని చరిచాను. చెవి కూడా ఆనించాను. నాకేమీ వినిపించలేదు. జట్టంతా గొడ్డళ్ళు దించి నా వైపే చూస్తోంది.

జట్టులో ఆ పెద్దామె ఇంకా పని చేస్తోంది. జుట్టు నెరిసింది, నోరు తగ్గలేదు.

"ఈ రెండిట్లో ఏది ఉంచాలంటావు?" అని అందరి ముందూ ఆమెను అడిగాను.

ఆమె ఒకసారి నా మొహం, ఒకసారి చెట్ల మొహం చూసింది. "నన్నా అడుగుతున్నారు?"

"నిన్నే. నాకు తెలియడం లేదు."

ఆమె కత్తి కింద పెట్టి, కొంగు దోపుకుని, "అయితే ఇట్టా రాండి," అని కుడి చెట్టు మొదలు దగ్గర గొంతుక్కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. కూలీలు ఒక్కొక్కరే నీడకు చేరారు. నేను పంచె ఎగగట్టి ఆమె ఎదురుగా కూర్చుని విన్నాను.